దేశాల నాలుక చూసిన డాక్టరు

పోయిన నెల మోకాళ్ళు చూపించుకుందామని ఆదోని వెళ్ళాను. పత్తి మార్కెట్టు వెనక సందులోకి తిరగగానే ఒక కొత్త బోర్డు కనబడింది. 'మానసిక రోగాల వైద్యుడు' అని నీలం రంగు అక్షరాలు. ఆ బోర్డు కింద నిలబడి గట్టిగా నవ్వేశాను. నవ్వు ఆగలేదు. చేతికర్ర మీద వంగి మరీ నవ్వాను. ఎదురుగా ఉన్న సోడాబండి అతను కాసేపు చూసి, జాలిపడి దగ్గరకు వచ్చాడు.

“ఏం పెద్దాయనా, ఒక్కడివే వచ్చినావా? ఇంట్లోవాళ్ళు ఎవురూ రాలేదా? డాక్టరు లోపలే ఉండాడు, పో. మంచోడే, ఏమీ అనడు.”

“నాకేం రోగం లేదు నాయనా. ఈ సందులోనే వెనకటికి ఒక డాక్టరు ఉండె. మనుషుల మనసులు కాదు, దేశాల మనసులు చూసేవాడు. అమెరికాకు, రష్యాకు ఈడ కూర్చోనే మందు చెప్పేవాడు. అది గుర్తొచ్చి నవ్వినా” అన్నాను.

అతను నన్నూ బోర్డునూ మళ్ళీ ఒకసారి మార్చి మార్చి చూశాడు. “సరే, నువ్వు పోయి ముందు వరసలో కూసో” అన్నాడు.

అతని తప్పేం లేదు. మా డాక్టరును చూడనివాడికి ఆ మాట చెబితే ఎవరైనా అలాగే అంటారు.

ఆంధ్ర రాష్ట్రం రావడానికి కొంచెం ముందు నేను ఆదోనిలో ఒక బడిలో చరిత్ర, భూగోళం చెప్పే ఉద్యోగంలో చేరాను. ఇల్లు ఎమ్మిగనూరు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం, సోమవారం తెల్లారి తిరిగి రావడం. ఒకసారి చలిజ్వరం వస్తే ఆ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. జ్వరం నాలుగు రోజుల్లో వదిలింది. డాక్టరు మాత్రం వదలలేదు.

సన్నటి మనిషి. పంచె మీద తెల్లటి కోటు, మెడలో గొట్టం. ఆ గొట్టాన్ని రొమ్ము మీద పెట్టేముందు కోటు చేతికి గరగరా రుద్ది వేడిచేసేవాడు. చల్లటి గొట్టం పెడితే లోపలున్న రోగం ఉలిక్కిపడి దాక్కుంటుందని ఆయన నమ్మకం. జ్వరమైనా, తేలుకాటైనా, వేలు తెగినా మొదటిమాట ఒక్కటే: “నాలిక సూపు.” వేలు తెగితే నాలుకెందుకు అని అడిగినవాడికి, “వేలు అబద్ధం సెప్తాది, నాలిక సెప్పదు” అనేవాడు. మేం రోజూ చూసే లోకంలో సంగతి సరిగ్గా తలకిందులు. అయినా ఆయన అంత గట్టిగా చెబితే నోరు దానంతటదే తెరుచుకునేది.

మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో అక్కడి పిచ్చాసుపత్రిలో కొన్నాళ్ళు పని నేర్చుకున్నాడట. ఆ చదువంటే ప్రాణం. తీరా ఆదోని వచ్చి బోర్డు కట్టాక ఆ చదువు ఒక్కరికీ అక్కర లేకపోయింది. ఆదోనిలో పిచ్చివాళ్ళు లేరని కాదు. దయ్యం పట్టిందంటే దర్గాకు పోయేవాళ్ళు, గాలి సోకిందంటే కొండమీద ఆంజనేయుడి దగ్గరకు పోయేవాళ్ళు. డాక్టరు దగ్గరకు వచ్చేదల్లా చలిజ్వరం, గజ్జి, కడుపునొప్పి. నేర్చిన విద్య ఎక్కడో ఒకచోట వాడకపోతే తుప్పు పడుతుంది కదా. ఆదోని మనుషులు దొరకలేదు కాబట్టి ఆయన దేశాల మీద పడ్డాడు.

దేశాలు ఎక్కడ దొరుకుతాయి? పేపర్లో దొరుకుతాయి. మద్రాసు నుంచి రైల్లో పేపరు వచ్చేసరికి బాగా పొద్దెక్కేది. అది వచ్చేదాకా చకచకా రోగుల్ని చూసేవాడు. వచ్చాక ఎంత పెద్ద రోగి అయినా సరే, ప్రపంచం ముందు, కడుపునొప్పి తర్వాత.

మా బడిలో చెదలు తిన్న ప్రపంచపటం ఒకటి పారేస్తుంటే ఆయనకు తెచ్చి ఇచ్చాను. ఆఫ్రికా నడుమ ఇంత చిల్లు. ఆయన దాన్ని రోగులు పడుకునే బల్ల పైన గోడకు కొట్టించాడు. ఇంక చూడండి, పేపరు చదువుతూ లేవడం, గొట్టం కోటుకు రుద్దడం, ఏదో ఒక దేశం గుండె మీద పెట్టి కళ్ళు మూసుకోవడం. రష్యా దగ్గరకు వచ్చేసరికి రెండు రుద్దులు ఎక్కువ రుద్దేవాడు. అక్కడ చలి ఎక్కువ కదా అనేవాడు.

“అయివారూ, ఇట్రాప్పా” అని నన్ను పిలిచేవాడు. మా వైపు బడిపంతుల్ని అయివారు అంటారు. “ఈయన్ను సూడు, అమెరికా. బాగా ఉన్నోడు. ఇంటినిండా సామాను. రాత్రయితే నిద్ర రాదు. మంచం కింద ఎర్రగుడ్డ కట్టుకున్న దొంగ దూరినాడని లాంతరు పట్టుకొని ఎతుకుతాండాడు. పనోణ్ణి పట్టుకొని ‘నువ్వు ఎరుపేనా’ అంటాడు, వంటాయన్ను పట్టుకొని ‘నువ్వు ఎరుపేనా’ అంటాడు. ఎండు మిరపకాయలు సూసినా గుండె అదరతాది ఈయనకు.”

“మరి రష్యా?”

“ఆయన కిటికీలన్నీ మేకులు కొట్టి మూసినాడు. సొంత పిల్లోళ్ళు గుసగుసలాడినా తనమీదనే అనుకుంటాడు. ఈయన కిటికీ ఎందుకు మూసినాడని ఆయనకు బయం. ఆయన లాంతరు పట్టుకొని ఎందుకు తిరుగుతాండాడని ఈయనకు బయం. ఇద్దరినీ ఒకే వార్డులో ఏస్తే తెల్లారేసరికి ఆస్పత్రే ఉండదు.”

ఫ్రాన్సు నెలకొక వంటమనిషిని మార్చే ఇల్లాలు. ఏ కూరా ఉడికి పొయ్యి దిగదు. స్విట్జర్లాండు పక్కింట్లో ఇల్లు తగలబడుతున్నా తలుపు మూసుకుని గడియారం బాగుచేసుకునే మనిషి. “అది ఆరోగ్యం గదా డాక్టరప్పా” అన్నాను ఒకసారి. “అంత ఆరోగ్యమే ఒక రోగం” అన్నాడు. ఇంగ్లండంటే మాత్రం ఆయనకు జాలి. “పాత జమీందారు పాపం. భూములు పోయినాయి, గుర్రాలు పోయినాయి. నడుముకుండే తాళాల గుత్తి మాత్రం ఇప్పలేదు. పోయిన ఇండ్ల తాళాలన్నీ దాంట్లోనే ఉండాయి. నడుస్తాంటే గల్లుమంటాది. ఆ సప్పుడు యినకపోతే ఆయనకు అన్నం సయించదు.”

అదే సమయానికి బల్ల మీద ఆలూరు రైతు ఒకడు పొట్ట పట్టుకుని పడుకుని ఉన్నాడు. “డాక్టరప్పా, ఆ దొరకేం, తాళాలన్నా ఉండాయి. నాకు కడుపుండాది. రోంత ఇట్ల సూడు” అన్నాడు. డాక్టరు సిగ్గుపడి, “నాలిక సూపు” అన్నాడు.

అయితే ఒకటి చెప్పాలి. ఆ కబుర్లు వింటూ పడుకున్నవాళ్ళకు నొప్పి తెలిసేది కాదు. గోనెగండ్ల నుంచి దగ్గుకు మందు తీసుకోవడానికి ఒక అవ్వ వచ్చేది. గోనెగండ్ల ఎమ్మిగనూరుకు అవతల. రెండు బస్సులు మారి రావాలి. దగ్గు తగ్గాక కూడా వచ్చేది. ఒకరోజు లాంతరాయన కథంతా విని, “ఆయప్ప యా ఊరాయన?” అంది.

“అమెరికా అవ్వా.”

“ఆలూరికి అవతలనా?”

“శానా అవతల.”

“పెండ్లయిందా?”

డాక్టరు పటం వైపు చూసి ఆలోచించాడు. “కాలేదనే అనుకుంటా.”

“సెయ్యండి మరి. మా తమ్మునికీ ఇట్లనే రాత్రుల్లు బయముండె. పెండ్లి సేసినాంక రాత్రి బయం పోయింది. ఇప్పుడు పగలు బయపడతాండాడు.”

డాక్టరు నవ్వలేదు. “అవ్వా, మద్రాసు పిచ్చాసుపత్రిలో మాకు పాఠం సెప్పిన దొర గూడా ఇంత బాగా సెప్పలేదు” అన్నాడు. ఆ తర్వాత ఏ దేశం సంగతి వచ్చినా, “అవ్వ మందు పనిసేస్తాదేమో సూడల్ల” అనేవాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటిదాకా బళ్ళారి జిల్లాలో ఉన్న మేం కర్నూలు జిల్లావాళ్ళమైపోయాం. కన్నడం మాట్లాడే మా ఇంటిపక్కవాళ్ళు ఏడ్చారు, బడిలోనేమో మిఠాయిలు పంచారు. డాక్టరు ఆదోనికి రోగం తేల్చేశాడు. “నిద్దరలో నడిసే రోగమప్పా ఇది. రాత్రి బళ్ళారి జిల్లాలో పండుకొని పొద్దున్నే కర్నూలు జిల్లాలో లేసింది. ఇట్లాంటోళ్ళను గబుక్కున లేపగూడదు. మెల్లగా సెప్పల్ల.”

ఇన్ని దేశాలకు చూసిన మనిషి రెండు దేశాలను మాత్రం ముట్టుకునేవాడు కాదు. మన దేశం, పక్క దేశం. ఆ పేరెత్తితే చాలు, గొట్టం చుట్టి కోటు జేబులో పెట్టేసుకునేవాడు. రాష్ట్రం రాకముందు ఒకసారి పత్తి దళారీ ఒకాయన కాశ్మీరం వార్త పైకి చదివి, “డాక్టరు సాబ్, మన రెండు దేశాల బీమారీ ఏమి? అది సెప్పండి ముందు” అన్నాడు.

“ఆ కేసు నేను సూడను.”

“ఎందుకు?”

“సూడనంటే సూడను. ఒక కడుపున పుట్టినోళ్ళ కేసులు నేను పట్టను.” అని లేచి, ఏ రోగమూ లేని కాంపౌండరు నాలుక చూశాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఎమ్మిగనూరులో, మా అమ్మకు ఆయాసం వచ్చినప్పుడు. మా అమ్మ ఇంగ్లీషు మందు ముట్టదు. నేతగాళ్ళ వీధి చివర, నేనెప్పుడూ పోని ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరకు తీసుకుపొమ్మంది. చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చింది. లోపలికి పోబోతూ ఆయన ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. మా డాక్టరే. అదే ముక్కు, అదే సన్నటి మెడ. కోటు బదులు ఒంటిమీద ఉత్తరీయం, నుదుటన విభూతి, వెనక పిలక. నన్ను చూసి ఆయన చెయ్యి చాపాడు.

“నాలిక సూపు” అన్నాడు.

“రోగం నాకు కాదండీ, మా అమ్మకు” అన్నాను. నాలుక మాత్రం అప్పటికే బయట ఉంది.

దారిలో మా అమ్మ చెప్పింది. ఇద్దరూ కవలలు. ఒకే పూట, చుట్ట కాల్చినంతసేపు తేడాతో పుట్టారు. మొదట భూమ్మీద పడింది ఆదోని డాక్టరు. వెనక వచ్చింది ఎమ్మిగనూరు వైద్యుడు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నారు. తండ్రి పోయేదాకా ఒకరంటే ఒకరికి ప్రాణం. తండ్రి పోయాడు. తలకొరివి పెద్దకొడుకు పెట్టాలి. పెద్దకొడుకు ఎవరు?

“నేనే. ముందు పుట్టినా గదా” అన్నాడు డాక్టరు.

“ముందు పుట్టినోడు సిన్నోడు” అన్నాడు వైద్యుడు. “సంచిలో జొన్నలు పోసినప్పుడు ముందు పోసినవి అడుగున ఉంటాయి. కుమ్మరిస్తే ఆఖర్న వస్తాయి. అమ్మ కడుపులో ముందు పడింది నేనే.”

మా వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ ఇదే మాట అంటారు. డాక్టరుకు ఒళ్ళు మండింది. “స్టేషన్లో యా బండి ముందొస్తే అదే ముందు. యాడ నుంచి ముందు బయల్దేరిందని ఎవడన్నా అడుగుతాడా?” అన్నాడు.

నిప్పుకుండ చెరోవైపు పట్టుకున్నారు. తండ్రేమో కట్టెల మీద, వీళ్ళేమో కట్టెల పక్కన జొన్నలూ రైళ్ళూ. ఇద్దరి చేతుల్లో కుండ పగిలి నిప్పులు నేలపాలయ్యాయి. చివరికి చిన్నాన్న వరసైన ఒకాయన వేరే నిప్పు తెచ్చి కొరివి పెట్టాడు. తండ్రికి నిప్పు పెట్టే భాగ్యం ఇద్దరికీ లేకుండా పోయింది. దానికి కారణం వాడే అని ఇద్దరూ అనుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

“ఇంగ ఎప్పటికీ మాట్లాడుకోరా?” అన్నాను.

“దసరా ఉండాది గదరా” అంది మా అమ్మ.

జమ్మిని మావైపు బన్ని అంటారు. దసరా సాయంత్రం బన్ని ఆకు చేతిలో పెట్టి, ‘బంగారంలాగా ఉందాం’ అని చిన్నవాడు పెద్దవాడి కాళ్ళకు మొక్కుతాడు. ఏడాది పొడుగునా ముఖాలు చూసుకోని పగవాడైనా సరే, ఆ పూట ఆకు తెస్తే కాదనకూడదు. ఎన్నో కొట్లాటలు ఆ ఆకుతో తెగిపోతాయి. ఈ అన్నదమ్ములది మాత్రం తెగలేదు. ఎందుకంటే ఆకు చిన్నవాడు తేవాలి. ఆ సాయంత్రం ఆదోనిలో డాక్టరు డిస్పెన్సరీ మూసి, ఉతికిన కోటు వేసుకుని, గుమ్మం ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు, తమ్ముడు వస్తాడని. ఎమ్మిగనూరులో వైద్యుడు పట్టు ఉత్తరీయం కప్పుకుని, పీట మీద కూర్చునేవాడు, తమ్ముడు వస్తాడని. ఏ తమ్ముడూ వచ్చేవాడు కాదు. చీకటిపడ్డాక ఇద్దరూ లేచి అన్నం తినకుండా పడుకునేవాళ్ళు.

ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఇద్దరి మీదా కోపం. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, నేను వారం వారం ఆ రెండు ఊళ్ళ మధ్య తిరిగే మనిషిని. అడగకుండానే రాయబారినైపోయాను.

“ఎమ్మిగనూరులో వానలెట్లుండాయి అయివారూ?” అనేవాడు డాక్టరు సోమవారం నాడు. వానల గురించి చెబితే, “అది కాదప్పా” అని విసుక్కునేవాడు. “బాగుండాడు” అంటే చాలు, పేపరు తీసుకునేవాడు.

వైద్యుడు ఇంకా సూటి. “ఆదోనిలో ఆ ఇంగ్లీషు మందులాయన ఇంకా జనాన్ని సంపుతాండాడా?” అని అడిగేవాడు. ఒకరోజు డాక్టరు దేశాలకు రోగాలు తేలుస్తాడని చెప్పాను. వైద్యుడు పకపకా నవ్వాడు. నవ్వి, నన్ను దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు: “వానికేం తెలుసు? మనసు తర్వాత, ముందు నాడి సూడల్ల. అమెరికాది పిత్తం. రష్యాది కఫం. ఇంగ్లండుది ముసలి వాతం, కీళ్ళన్నీ పట్టేసినాయి. అందరికీ ముందు భేదికి ఇయ్యల్ల.”

“మరి మన దేశం, పక్క దేశం?”

ఆయన కల్వంలో మందు నూరడం మొదలుపెట్టాడు. “ఆ నాడి నేను పట్టను” అన్నాడు.

వీళ్ళలో ఎవరు పెద్దో నాకు తెలియదు గానీ, ఇద్దరికీ ఉన్నది ఒకటే రోగమని ఆ రోజు తెలిసిపోయింది.

రాష్ట్రం వచ్చిన ఆ నెలలోనే వైద్యుడికి కాళ్ళు వాచాయి. నాలుగడుగులు నడిస్తే ఊపిరి అందడం లేదు. పడుకుంటే దగ్గు. సొంత కషాయం తాగాడు, తగ్గలేదు. సోమవారం ఆదోని వచ్చి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పేపరు మడిచి పెట్టాడు.

“యా కాలు? రెండూనా?”

“రెండూ.”

“వేలితో నొక్కితే గుంట పడతాందా?”

“పడతాంది.”

“పండుకుంటే ఊపిరి ఎగపోతాందా?”

“కూర్చునే నిద్రపోతాండాడంట.”

 డాక్టరు ముఖం తెల్లబోయింది. అది గుండె జబ్బని ఆయనకు తెలుసు, ఆయన ముఖం చూసి నాకూ తెలిసింది. “అట్లయితే ఈడికి తీసుకొని రాప్పా. బండి మాట్లాడు” అన్నాడు. శనివారం వైద్యుడికి చెబితే, “నేను వాని గడప తొక్కితే నేనే సిన్నోణ్ణి అని ఊరంతా అంటాది. వాణ్ణే రమ్మను” అన్నాడు ఎగరొప్పుతూ. మళ్ళీ డాక్టరుకు చెప్పాను. “నేను పోతే?” అని ఆగాడు. 

నాకు తిక్క రేగింది. “డాక్టరప్పా, లాంతరాయన్ను చూసి నవ్వినారు, కిటికీలాయన్ను చూసి నవ్వినారు. ఈడ ఒక మనిషి ఊపిరాడక కూర్చున్నాడు. మీరిద్దరూ జొన్నలు, రైళ్ళు అంటాండారు. మీ నాలిక మీరొకసారి అద్దంలో చూసుకోండి” అనేశాను.

కాంపౌండరు చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. డాక్టరు కోప్పడలేదు. లేచాడు. గొట్టం తీసి కోటుకు రుద్దాడు, చాలాసేపు రుద్దాడు. పటం దగ్గరకు వెళ్ళి, అంతవరకు ఏనాడూ పెట్టని చోట, మన దేశం మీద పెట్టాడు. ప్రపంచపటంలో ఎమ్మిగనూరు ఎక్కడుంటుంది? ఆ గొట్టం బిళ్ళ కింద మద్రాసు, బళ్ళారి, ఆదోని అన్నీ మునిగిపోయాయి. ఆయన అలాగే కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డాడు. ఆ రోజు పేపరు చదవలేదు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి వైద్యుడికి ఇదంతా చెప్పాను. “గొట్టం యాడ పెట్టినాడు?” అని అడిగి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

పండగనాడు మధ్యాహ్నం వైద్యుడి ఇంటినుంచి కబురొచ్చింది. వెళ్తే, పట్టు ఉత్తరీయం కప్పుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో బన్ని కొమ్మ. “బస్సు దాకా పట్టుకోప్పా. నేను ఆదోనికి పోవల్ల. సిన్నోడంటే సిన్నోణ్ణే. వాణ్ణి సూడకుండా సస్తానేమోనని బయంగా ఉండాది” అన్నాడు.  ఆయన్ను బస్సెక్కించి నేనూ పక్కన కూర్చున్నాను.

ఆ వారమంతా వానలు. దారి మధ్యలో వంక పారుతూ ఉంది. అలా పారినప్పుడు బస్సులు వంక దాటవు. ఆదోని బస్సు ఆ ఒడ్డున ఆగుతుంది, ఎమ్మిగనూరు బస్సు ఈ ఒడ్డున ఆగుతుంది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, మోకాటిలోతు నీళ్ళలో దాటి అటు బస్సు ఇటువాళ్ళు, ఇటు బస్సు అటువాళ్ళు ఎక్కుతారు. మా వైపు అది మామూలే. నేను వైద్యుడి రెక్క పట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దింపాను. ఎదురుగా వచ్చే జనంలో తెల్లకోటు కనబడింది. పంచె ఎగ్గట్టి, చెప్పులు చంకలో పెట్టుకుని, చేతిలో బన్ని కొమ్మతో మా డాక్టరు.

నట్టనడి వంకలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

“యాడికి?” అన్నాడు వైద్యుడు.

“నీ దగ్గరికే. నువ్వు?”

“నీ దగ్గరికే.”

 “నువ్వే అన్నవు. సంచి లెక్కే రైటు. నాకు సైన్సు తెల్దు” అంటూ డాక్టరు ఆకు చాపాడు.

“కాదు, నువ్వే అన్నవు. రైలు లెక్కే రైటు. ముందొచ్చిన బండే ముందు” అంటూ వైద్యుడూ ఆకు చాపాడు.

“నేను సెప్తాండా గదా, నువ్వే పెద్దోడివి!”

“నువ్వు గమ్మునుండు. నువ్వే!”

నమ్మండి, మళ్ళీ కొట్లాట మొదలైంది. అన్నేళ్ళు పెద్దరికం కోసం కొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు చిన్నరికం కోసం కొట్టుకుంటున్నారు. మొక్కుదామని ఇద్దరూ ఒకేసారి వంగారు. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి, బురదనీళ్ళు, కనబడవు. డాక్టరు తడిమి తడిమి ఒక కాలు దొరకబుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. అది నా కాలు. నేను కెవ్వుమన్నాను. రెండు ఒడ్డుల నుంచీ కండక్టర్లు విజిళ్ళు ఊదుతున్నారు. గోనెగండ్ల అవ్వ ఆదోని నుంచి తిరిగిపోతూ, నెత్తిన గంపతో డాక్టరు వెనకే ఆగిపోయింది.

“ఇద్దరూ సిన్నోళ్ళే. పిల్లోళ్ళకంటే సిన్నోళ్ళు. ఆకులు ఒకేసారి మార్సుకొని దోవ ఇడవండప్పా, నీళ్ళు సల్లగుండాయి” అంది.

మార్చుకున్నారు. వాటేసుకున్నారు. ఏడ్చారు కూడా. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అంతలో డాక్టరు చెయ్యి కోటు జేబులోకి పోయింది. గొట్టం బయటికి వచ్చింది. కోటు తడిసిపోయింది కాబట్టి అరచేతికి రుద్దాడు. అక్కడే, పారే నీళ్ళలో నిలబెట్టి, వైద్యుడి రొమ్ము మీద పెట్టాడు. వైద్యుడు ఊరుకున్నాడా? వెంటనే డాక్టరు మణికట్టు పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టాడు. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. జనం మూటలతో చుట్టూ తిరిగి పోతున్నారు.

“నాలిక సూపు” అన్నాడు ఒకాయన.

“ముందు నువ్వు సూపు” అన్నాడు ఇంకొకాయన.

డాక్టరు వైద్యుణ్ణి ఆదోని బస్సులోనే తీసుకుపోయాడు. డిస్పెన్సరీలో, పటం కింద బల్ల మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి మందులిచ్చాడు. ఉప్పు బందు చేశాడు. వైద్యుడు ఇంగ్లీషు మందు మింగి, పైన తన కషాయం తాగేవాడు. ఎవరి మందు పనిచేసిందో ఎవరికీ తెలియదు. అది తేల్చాలని ఇద్దరూ ప్రయత్నించలేదు. వాపు తగ్గి ఆయన మళ్ళీ ఎమ్మిగనూరులో కల్వం పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక సోమవారం ధైర్యం చేసి అడిగాను. “డాక్టరప్పా, ఆ కేసు ఇప్పుడన్నా చూస్తారా?”

ఏ కేసని ఆయన అడగలేదు. పటం వైపు చూశాడు.

“సూసినానప్పా. రోగం మాకుండేదే. మందు గూడా అదే. ఇద్దరూ ఒకే రోజు బయల్దేరల్ల. నడుమ మోకాటిలోతు వంక ఉండల్ల.” పేపరు విప్పుకుంటూ అన్నాడు: “వాళ్ళ వంక శానా లోతప్పా. అవ్వ గూడా లేదు.”

ఆ దశాబ్దం ముగిసేలోపలే మా డాక్టరు పోయాడు. పోయేది వైద్యుడని అందరం అనుకుంటే, ఏ రోగమూ లేని డాక్టరు ఒక పొద్దున పేపరు రైలు రాకముందే కుర్చీలో కూర్చుని వెళ్ళిపోయాడు. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. ఎమ్మిగనూరు నుంచి వైద్యుడు వచ్చాడు. నిప్పుకుండ తీసుకొచ్చి ముందు పెట్టారు. అందరూ వెనక్కి జరిగారు. ఆయన వంగి, రెండు చేతులతో కుండను ఒకవైపు మాత్రమే పట్టుకున్నాడు. రెండోవైపు ఎవరో పట్టుకుంటారన్నట్టు కాసేపు అలాగే ఆగాడు. ఎవరూ పట్టుకోలేదు. నేను పక్కన ఉన్నాను.

“సెప్తే యినలేదు అయివారూ” అన్నాడు, చుట్టూ అందరికీ వినపడేట్టు. “రైలు లెక్కే రైటు. ముందొచ్చిన బండి ముందే పోయింది సూడు.”

కుండ ఎత్తుకుని నడిచాడు.